నాలుగో మేకు

ఇల్లు, కింది గది, తాళాల బల్ల
మార్చి 4

మహారాజశ్రీ అక్కగారి సముఖమునకు,

ఇందుమూలముగా ఇంట్లోవాళ్ళకీ, ఇంటి బయటివాళ్ళకీ, గోడ మీది బల్లికీ తెలియజేయునది ఏమనగా: ఈ రోజు ఉదయం పది గంటల పది నిమిషాలకు మన ఇంటి కంప్యూటర్ పరిపాలన యావత్తూ నా చేతికి వచ్చినది. ఇకపై నా అనుమతి లేనిదే ఏ ఫైలూ ఒక చోటి నుంచి మరో చోటికి కదలరాదు. ఏ ప్రోగ్రామూ తనంతట తాను లేచి నిలబడి కొత్త బట్టలు కావాలని అడగరాదు. మౌస్ ముట్టుకునే ముందు చేతి గ్రీజు తుడుచుకోవలెనను పాత నిబంధన నాకు తప్ప అందరికీ వర్తించును.

వెళ్ళేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి నువ్వు అన్న మాట మర్చిపోలేదు. మిల్లులో ఆడపిల్లలకి ఎంబ్రాయిడరీ మిషన్లు నేర్పి ఐదు నెలల్లో తిరిగొస్తాననీ, వచ్చేసరికి కంప్యూటర్ కంప్యూటర్‌లా ఉండాలనీ, లేకపోతే తాళాలు బాగుచేసే నా బల్ల వీధిలో ఉంటుందనీ అన్నావు. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివిన అనుభవంతో పనిలోకి దిగాను.

తెర మీద బొమ్మలు నూట ముప్పై ఏడు. వెనకున్న గులాబీకి రెండు రేకులే కనిపిస్తున్నాయి, మిగతా పువ్వు నీ ఫైళ్ళ కింద పడి నలుగుతోంది. 'కొత్త ఫోల్డర్' అనే పేరుతో పదకొండు ఉన్నాయి. ఒకే ఆకు డిజైన్ 'ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్ ఒట్టు' అని మూడు చోట్ల ఉంది. వైరస్‌ని పట్టుకునే ప్రోగ్రాములు మూడు కాపురం పెట్టి, ఒకదాన్ని చూసి ఒకటి దొంగ దొంగ అని అరుచుకుంటున్నాయి. ఫైలు పక్కన దాని బరువు కూడా రాసి ఉంటుందని ఇవాళే కనిపెట్టాను. కొన్ని కొండంత ఉన్నాయి. ఒకదానికి మాత్రం సున్నా. సున్నా బరువున్న వస్తువుని కూడా పారేయకుండా దాచుకునే మనిషివి నువ్వొక్కదానివే.

ఫోన్లో చెప్పాల్సింది కాగితం మీద రాయమనడం ఏం శిక్షో తెలియజేయగలవు.

నీ తమ్ముడు,
కంప్యూటర్ సర్వాధికారి


మిల్లు క్వార్టర్స్, తొమ్మిదో గది
మార్చి 12

ఒరేయ్ సర్వాధికారీ,

ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటున్నారు. సాయంత్రం తిరిగిచ్చినా నీళ్ళ ట్యాంకు పక్కన ఒంటికాలి మీద నిలబడితే తప్ప మాట రాదు. అసలు కారణం అది కూడా కాదు. ఫోన్లో నువ్వు ఆడే అబద్ధం గాల్లో కలిసిపోతుంది. కాగితం మీద ఆడితే నా దగ్గర రుజువు ఉంటుంది.

పని ఎలా చెయ్యాలో రాస్తున్నాను, చదివి గోడకి అంటించుకో. డిజైన్లు నాలుగు వందల పన్నెండు. పంతొమ్మిదేళ్ళ పని. ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం ఫోల్డర్‌లో, అందులో మళ్ళీ ఎవరి ఆర్డరు వాళ్ళ పేరుతో పెట్టాలి. ఏడాదిగా తెరవని ప్రోగ్రాములు తీసెయ్. వైరస్ కాపలావాళ్ళలో ఒకణ్ణి ఉంచి ఇద్దర్ని పంపించెయ్.

'తర్వాత చూద్దాం' అని ఒక ఫోల్డర్ ఉంటుంది. దాని జోలికి వెళ్ళకు.

గ్రీజు నిబంధన నీ కోసమే పెట్టాను. మౌస్ మీద ఒక్క మరక కనిపించిందో, బల్ల సంగతి చెప్పాను కదా.

అక్క


ఇల్లు, తాళాల బల్ల
మార్చి 21

అక్కా,

నీ పద్ధతి గోడకి అంటించాను. చాలా అందంగా ఉంది. అక్కడే ఉండనిచ్చి, పని నా పద్ధతిలో చేస్తున్నాను.

సంవత్సరాల వారీగా పెడితే నీకు వెతుక్కోవడం వస్తుందా? 'నాలుగేళ్ళ కిందటి సోఫా కవరు' అంటూ ఇల్లంతా తిరుగుతావు, చివరికి అది ఏడేళ్ళ కిందటిదని తేల్తుంది. నా కొట్టు చూడు. ముప్పై ఏళ్ళుగా జనం వదిలేసిపోయిన తాళంచెవులు నాలుగు మేకులకి వేలాడుతున్నాయి. తేదీ లేదు, పేరు లేదు. మొదటి మేకు అరుస్తూ వచ్చేవాళ్ళది. రెండోది వచ్చి పలక్కుండా నిలబడేవాళ్ళది. మూడోది మర్చిపోయినవాళ్ళది. నాలుగోది రావాలని ఉన్నా మొహం చెల్లనివాళ్ళది. మనిషి మెట్టు దిగుతుండగానే ఏ మేకు మీద చెయ్యి వెయ్యాలో నాకు తెలిసిపోతుంది.

నీ ఫైళ్ళకీ అంతే. తెర మీద నాలుగు ఫోల్డర్లు పెట్టాను. హోటల్ మేనేజర్ ఆర్డర్లన్నీ మొదటి మేకుకి. బడి యూనిఫారాల టీచరమ్మవి రెండో మేకుకి. నువ్వు వంట నేర్చుకుందామని దాచిన కాగితాలన్నీ మూడో మేకుకి. గులాబీకి ఇప్పుడు మూడు రేకులు కనిపిస్తున్నాయి.

'తర్వాత చూద్దాం' నేను తెరవలేదు. అసలు అటువైపు చూడలేదు. తెరిచే ఉద్దేశం కూడా లేదు.

ఇంకోటి, ఊరికే అడుగుతున్నాను. కుట్టు ప్రోగ్రాం డిస్కు ఎక్కడ పెట్టావు? పని ఏమీ లేదు. తెలిసి ఉంటే మంచిదని.

తమ్ముడు


మిల్లు క్వార్టర్స్
మార్చి 29

ఒరేయ్,

యాభై దగ్గర పడుతున్నావు, ఇంతవరకూ నువ్వు ఊరికే అడిగింది ఒక్కటి కూడా లేదు. డిస్కు గుండీల డబ్బాలో అడుగున ఉంది. ముందు అది పెట్టి ప్రోగ్రాం ఎక్కించు, తర్వాత నా ఉత్తరం చదువు.

ఎక్కించావా? ఇప్పుడు విను. తెరవలేదని ఒకసారి రాస్తే నమ్మేదాన్నేమో. మూడుసార్లు రాశావు కాబట్టి తెరిచావు. అందులో మీ అన్నయ్య పంపిన 'చెల్లికి' అనే ఫైలు చూసి ఉంటావు. దాన్ని తెరవకుండా చెరిపెయ్. చెత్తబుట్టలోంచి కూడా తీసెయ్.

మీ అన్నయ్య నన్ను నలుగురి ముందు దొంగ అనేసి ఆరేళ్ళయింది. బోర్డులు రాసే మనిషి కదా, తను ఒక బోర్డు మీద గీసిన తీగ నేను కర్టెన్ అంచుకి కుట్టాను, కర్టెన్ల కంపెనీవాళ్ళు తమ డిజైన్ల పుస్తకంలో నా పేరు వేశారు. నేను వెయ్యమనలేదు. వేశాక మార్చమని కూడా అడగలేదు, ఆ తప్పు నాదే. కానీ చిన్నప్పటి నుంచి ఆ మనిషి గీసిన ప్రతి గీతా నేను కుడుతూనే ఉన్నాను. అప్పుడెప్పుడూ దొంగని కానిదాన్ని ఆ రోజే ఎలా అయ్యాను? తను ముందు మాట్లాడితే నేను మాట్లాడతానని అప్పుడే చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను.

చెరిపేసి, చెరిపేశానని రాయి.

అక్క


ఇల్లు
ఏప్రిల్ 8

అక్కా,

ముందు శుభవార్త. నీ నాలుగు వందల పన్నెండు డిజైన్లూ క్షేమం. అవి ప్రమాదంలో పడ్డాయని నీకు తెలియదు కాబట్టి ఇది నీకు రెండింతల శుభవార్త. ఏడాదిగా తెరవనివి తీసెయ్యమన్నావు కదా, దారం రంగులు చూసే చిన్న ప్రోగ్రాం ఒకటి అలాగే కనిపించింది, తీసేశాను. అది కుట్టు ప్రోగ్రాం కింద పెట్టిన ఇటుక అని నాకేం తెలుసు? పూలన్నీ ఒక్కసారిగా తెల్లకాగితాలైపోయాయి. పది రోజులు అన్నం సయించలేదు. గుండీల డబ్బా కనిపెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి.

రెండోది. చెరపలేదు.

ఆ ఫైలున్న పెన్‌డ్రైవ్ ఆరేళ్ళ కిందట అన్నయ్య కొట్టు నుంచి మోసుకొచ్చింది నేనే. నువ్వు నా వైపు చూపు తిప్పకుండా తీసుకుని, కంప్యూటర్‌లో వేసి, ఖాళీ పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టావు. తర్వాత రెండు కంప్యూటర్లు మార్చావు. పాతవాటిలో ఫోటోలు సగం వదిలేశావు, పాటలన్నీ వదిలేశావు, ఇదొక్కటీ చంకనేసుకుని మోసుకొచ్చావు. చెరపాలనుకున్నదానివి నా దాకా ఎందుకు? ఒక మీట దూరం.

నా మేకుల లెక్కలో అది నాలుగోదానికి చెందుతుంది. అక్కడే తగిలించాను. నాలుగో మేకు మీద ఉన్నదాన్ని పారేయడం మా కొట్టులో ఆనవాయితీ లేదు.

ఇంకో మాట. 'మీ అన్నయ్య' అని రాశావు. నాకొక్కడికే అన్నయ్యగా పుట్టాడా?

తమ్ముడు


మిల్లు క్వార్టర్స్
ఏప్రిల్ 17

తమ్ముడూ,

నిన్ను తిడుతూ రెండు పేజీలు రాసి చించేశాను. చక్కగా వచ్చింది, పంపి ఉంటే దాచుకునేవాడివి.

దొంగ అన్న మాట ఒకసారి చెవులతో విన్నాను. రెండోసారి కళ్ళతో చదవడం నా వల్ల కాదు. తెరవకపోవడానికి అంతకంటే కారణం లేదు. తెరవనంతకాలం అందులో ఇంకో మాట ఉండొచ్చు కదా అనుకుంటూ మోశాను. నవ్వాలనిపిస్తే నవ్వు.

నువ్వు తెరువు. ఆ మాటే ఉంటే నాకు చెప్పకు, చెరిపేసి ఊరుకో. ఇక ఆ మనిషి గురించి నాకు ఎప్పుడూ రాయకు, నేను తిరిగొచ్చాక కూడా మాట్లాడకు. ఇంకేదైనా ఉంటే, ఉన్నది ఉన్నట్టు రాయి.

అక్క


ఇల్లు, కంప్యూటర్ ముందు
ఏప్రిల్ 26

అక్కా,

తెరిచాను. చేతులు సబ్బుతో కడుక్కుని మరీ తెరిచాను.

ఆ మాట లేదు.

మాటలే లేవు, బొమ్మ ఉంది. నువ్వు కుట్టిన తీగ కుడివైపుకి పాకుతుంది కదా, ఇది ఎడమవైపుకి. అవే ఆకులు, అదే వంపు. రెండూ పక్కపక్కన పెడితే ఒకే మొదలు నుంచి వచ్చినట్టు ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, 'రెండో వైపు. ఇది కూడా కుట్టుకో' అని ఉంది.

ఇంతకంటే ఏమీ లేదు. నాకు ఇవాళ వెటకారం రావడం లేదు, రేపు చూస్తాను.

తమ్ముడు


మిల్లు క్వార్టర్స్
మే 5

తమ్ముడూ,

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. పిల్లలకి దారం ఎక్కించడం చూపిస్తూ జేబులో పెట్టుకుని, ఒకే సూదికి మూడుసార్లు ఎక్కించానట. ఒక పిల్ల అడిగింది, టీచర్, ఇది కొత్త పద్ధతా అని. అవునన్నాను.

ఆరేళ్ళు నా ఇంట్లోనే ఉంది. నా బల్ల మీదే, నా చేతికింద. నేనేమో పక్కనే కూర్చుని హోటల్‌వాడి సోఫాలకి గళ్ళు కుడుతున్నాను.

ఆకుల చివర్లు ఎలా ఉన్నాయో రాయలేదు నువ్వు. అన్నయ్య ఆకు గీస్తే చివర కుంచె కాస్త పైకి లేస్తుంది, గాలికి ఊగినట్టు ఉంటుంది. అలాగే ఉందా?

ప్రింటు తీసి పంపు.
ఆ రెండో వైపు నాకు కావాలి.
ఇక్కడి పెద్ద మిషన్ మీద నేనే కుడతాను. ఆలస్యం చెయ్యకు.

అక్క

ఈసారి 'మీ' లేదు. గమనించావని తెలుసు, దాని మీద హాస్యం వద్దు.


ఇల్లు
మే 27

అక్కా,

ఆలస్యానికి కారణాలు మూడు. ఒకటి, ప్రింటర్ మొరాయించింది. రెండు, ప్రింటర్‌ని బాగుచేశాను, అందువల్ల పూర్తిగా ఆగిపోయింది. మూడు, అప్పుడు తెర మీద కాగితం ఆనించి, లోపలి బొమ్మ మీద పెన్సిల్‌తో నేనే గీశాను. జత చేశాను. మడత దగ్గర నలిగితే తపాలావాళ్ళని తిట్టు.

కంప్యూటర్ పని దాదాపు అయిపోయింది. తెర మీద నాలుగు ఫోల్డర్లు, కింద ఐదు ప్రోగ్రాములు. గులాబీ మొత్తం కనిపిస్తోంది. తీరా చూస్తే అది గులాబీ కాదక్కా, మందారం.

తమ్ముడు


మిల్లు క్వార్టర్స్
జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

కుట్టాను. రెండు వైపులా ఒకే గుడ్డ మీద. మిల్లువాళ్ళు అది తమ కొత్త పుస్తకంలో వేస్తామన్నారు. వేస్తే రెండు పేర్లు వెయ్యాలనీ, గీసినవాళ్ళ పేరు ముందు ఉండాలనీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. ఒక ముక్క కత్తిరించి అన్నయ్యకి పోస్టు చేశాను. ఉత్తరం పెట్టలేదు, గుడ్డ చాలు.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నువ్వు సున్నా చుడితే అది కోడిగుడ్డులా వస్తుంది. అలాంటివాడివి తెర మీద కాగితం ఆనించి ఆ ఆకుల చివర్లు లేపావా? పోనీ, నీలో ఏదో కళ నిద్రపోతూ ఉందనుకుందాం. కాగితం వెనకవైపు నీలం సుద్దతో బొటనవేలి ముద్ర ఉంది. బోర్డు రాసే ముందు గీతలు కొట్టుకునే సుద్ద అది. చేత్తో తుడిస్తే చేతికి అంటింది. ఆరేళ్ళ కిందట కంప్యూటర్‌లో పెట్టిన బొమ్మకి ఇవాళ్టి సుద్ద ఎలా అంటుకుందిరా?

నేను జులై చివర్లో వస్తున్నాను. వచ్చాక అన్నయ్య కొట్టుకి వెళ్ళాలని ఉంది. వెళ్ళే ముందు నాకు ఒక్కటి తెలియాలి. ఆ ఫైలులో ఉన్నది ఈ బొమ్మేనా? అవునో కాదో రాయి. కాగితం మీద.

అక్క


ఇల్లు, కంప్యూటర్ ముందు
జూన్ 20

అక్కా,

అవునో కాదో రాస్తాను. చివర్లో రాస్తాను. ఆ మాత్రం స్వేచ్ఛ సర్వాధికారికి ఉండాలి.

నీ గుడ్డ ముక్క అన్నయ్యకి సోమవారం అందింది. మంగళవారం పొద్దున్నే కొట్టు తాళం పాడైందని మనింటికి వచ్చాడు. ఈ గడప తొక్కడం ఆరేళ్ళలో ఇదే మొదలు. తాళం శుభ్రంగా ఉంది. నేను కూడా అంతే శుభ్రంగా దాన్ని విప్పి, నూనె పోసి, మళ్ళీ బిగించి ఇచ్చాను. వెళ్ళకుండా కూర్చున్నాడు. చివరికి జేబులోంచి గుడ్డ తీసి కిటికీ దగ్గర పట్టుకుని, మూడో ఆకు దగ్గర అర దారం బయటికి పోయిందన్నాడు. అన్నయ్య నోట ఇంత పెద్ద మెచ్చుకోలు నేను ఇంతవరకూ వినలేదు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, తాళమూ, తాళంచెవీ మర్చిపోయి, గుడ్డ ఒక్కటే తీసుకుని వెళ్ళాడు. తాళంచెవి మొదటి మేకుకి తగిలించాను. ఎలాగూ అరుస్తూ వస్తాడు.

ఇక సుద్ద సంగతి. నీ మే నెల ఉత్తరం పట్టుకుని అన్నయ్య కొట్టుకి వెళ్ళాను. పళ్ళ డాక్టరు బోర్డు రాస్తున్నాడు. నీ ఉత్తరం పైనా కిందా మడిచి, 'ఆ రెండో వైపు నాకు కావాలి' అన్న ఒక్క వరుస కనిపించేలా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. నీ చెల్లి తీగ రెండో వైపు గీసివ్వమంటోందన్నాను. చేతిరాత చూశాడు. అదే రాసిందా అని అడిగాడు. అదే రాసింది కదా మరి. డాక్టరుగారి పేరు సగంలో ఆగిపోయింది, వారం తర్వాత కూడా సగంలోనే ఉంది. పదిహేనో రోజున కబురు పెట్టి, నా చేతిలో కాగితం పెట్టాడు. అందువల్లే ఆలస్యం. ప్రింటర్ భేషుగ్గా పనిచేస్తోంది.

ఫైలు సంగతి. సున్నా బరువున్నది ఒకటుందని మొదటి ఉత్తరంలోనే రాశాను, నువ్వు పట్టించుకోలేదు. అదే ఇది. తెరిస్తే తెల్లగా ఉంది. పై నుంచి కింది దాకా వెతికాను, ఒక చుక్క కూడా లేదు. ఆ ముక్క నీకు రాసి ఉంటే, చెప్పడానికి కూడా ఏమీ లేదన్నమాట అనుకుని మరో ఆరేళ్ళు కూర్చునేదానివి. బొమ్మ ఉందని రాస్తే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియనిదే నయమనిపించింది. నువ్వు ప్రింటు అడిగేసరికి మాత్రం నా కాళ్ళ కింద నేల లేదు.

మంగళవారం అన్నయ్యని అడిగాను, ఆ రోజు పెన్‌డ్రైవ్‌లో ఏం పంపావని. మౌస్ మీది గ్రీజు మరక గోకుతూ చెప్పాడు. "కొత్త కాగితం తెరిచి పైన పేరు పెట్టాను. లోపల ఏం రాయాలో తోచలేదు. నాలుగు రోజులు అలాగే ఉంచి, అలాగే పంపాను. అది చూసి ఏదో ఒకటి అంటుందనుకున్నాను." ఇది అన్నయ్య మాట, ఇందులో నాది ఒక్క అక్షరం లేదు.

నీ పంతానికి ఏ లోటూ రాలేదు. నువ్వూ ముందు మాట్లాడలేదు, అన్నయ్యా ముందు మాట్లాడలేదు. ముందు అబద్ధమాడింది నేను. తిట్టాలనుకుంటే వేర్వేరుగా వద్దు, ఇద్దరూ ఒకచోట కూర్చుని తిట్టండి, కుర్చీలు నేనే వేస్తాను. రుజువు కోసం కాగితం అన్నావు కదా, ఇదిగో.

కాదు. ఆ ఫైలులో అన్నయ్య రాసింది దాని పేరొక్కటే, 'చెల్లికి' అని. ఏప్రిల్ ఉత్తరంలో నేను చూశానని రాసిన తీగా, ఆకులూ, కింద చిన్న అక్షరాల మాటా, అంతా ఈ కుర్చీలో కూర్చుని నేను కల్పించిందే.

తమ్ముడు